మనిషిని తిన్న బండ్ల షెడ్డు

ఎల్లారెడ్డిలో లింగంపేట దిక్కు పోయే రోడ్డు మీద నాకొక రంగుల దుకాణం ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా ఖయ్యూం షెడ్డు. వద్దనుకున్నా కళ్ళు అటే పోతాయి, చూడడానికి ఆ పక్క ఇంకేమీ లేదు మరి. అందుకే ఖయ్యూం గురించి నాకు తెలిసినంత అతని భార్య అనమ్‌కు కూడా తెలియదని నా నమ్మకం. ఆమె ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఖయ్యూం చాలా ఏళ్ళు సౌదీలో ముక్కు లారీలు నడిపాడు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, దాని వెనక డ్రైవరు కూర్చునే పాతకాలపు బండ్లు. ఇసుకలో ఇనుప పైపులు మోసేవట. గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చినవాళ్ళు బంగారం గురించీ అత్తరు గురించీ చెబుతారు. ఇతను గేరు బాక్సుల గురించి చెప్పేవాడు. ఏ ఇంజను చలికాలం పొద్దున ఎంత బతిమాలించుకుంటుందో, ఏది ఒక్క పిలుపుకే లేస్తుందో, పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధాలు వర్ణించినట్టు వర్ణించేవాడు. వేరే ఎవరూ వినరు కాబట్టి దుకాణంలో కదలకుండా దొరికే నాకే చెప్పేవాడు.

వాళ్ళింట్లోనూ ఒక ముక్కు లారీ ఉండేది. తండ్రి నిజామాబాదులో వేలంలో పాడుకున్నది. పాత ఇల్లు కూలగొట్టినప్పుడు ఆయన వీధి తలుపును పారెయ్యలేక, కోయించి, క్యాబిన్‌లో డ్రైవరు తల వెనక చెక్కగా బిగించాడు. టేకు తలుపు, మధ్యలో చెక్కిన పువ్వు. తండ్రి పోయాక ఆ లారీని ఖయ్యూం తమ్ముడు హైదర్ నడిపేవాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల వండిన బెల్లాన్ని కామారెడ్డి మార్కెట్‌కు వేసేవాడు.

హైదర్ మంచి పిల్లవాడు, కానీ నిద్రమొద్దు. పొద్దున అతన్ని లేపడానికి తల్లి సఫూరా బీ వేసే కేకలకు మా గల్లీలో పిల్లలంతా లేచి మొహాలు కడుక్కునేవారు. హైదర్ మాత్రం అటు తిరిగి పడుకునేవాడు. చివరికి ఆమె వచ్చి భుజం పట్టి ఊపితే తప్ప లేచిన రోజు లేదు. పెద్దవాడై, మీసాలొచ్చి, లారీ పట్టుకున్నాక కూడా అదే వరస.

2009 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, బెల్లం లోడుతో కామారెడ్డి పోతూ, లింగంపేట దాటాక హైదర్ స్టీరింగు మీద కునికాడు. లారీ కల్వర్టు గోడను రాసుకుంటూ ఎండిన వాగులోకి దిగింది. దానికి పెద్దగా ఏమీ కాలేదు, హైదర్ పోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు నేనూ చూశాను. ఒంటి మీద దెబ్బ కనపడలేదు, పండుకున్నట్టే ఉన్నాడు. అలా ఉండడమే ఆ తల్లి పాలిట శాపమైంది.

మా దిక్కున ఒక ఆచారం ఉంది. ప్రాణం తీసిన లారీనో ట్రాక్టరునో 'మనిషిని తిన్న బండి' అంటారు. దాన్ని వాకిట్లో ఉంచుకోరు, దగ్గరివాళ్ళకు అమ్మరు. దళారి తీసుకుపోయి పిట్లం అవతల, మద్నూర్ దిక్కు, మహారాష్ట్ర అంచున ఎవరికో ఒకరికి అంటగడతాడు. కొన్నవాడికి సంగతి చెప్పడు. ఆ పక్క వాళ్ళదీ అదే తెలివి, వాళ్ళ బండ్లు మా వైపు తోలుతారు. వాళ్ళ దయ్యాలు మనకు, మన దయ్యాలు వాళ్ళకు. మధ్యలో కమీషన్ దళారికి. హైదర్ లారీని కూడా చుట్టాలంతా కలిసి నెల తిరగకుండా అలాగే సాగనంపారు. ఖయ్యూంకు ఫోన్‌లో చెప్పారంతే. సౌదీలో సేఠ్ దగ్గర ఇరుక్కున్న పాస్‌పోర్టు చేతికొచ్చి అతను ఊరు చేరేసరికి తమ్ముడి సమాధి మీద గడ్డి మొలిచింది.

సఫూరా బీ కొడుకును ఒకే ఒకటి అడిగింది. ఆ లారీ ఎక్కడుందో వెతికి, తనను ఒక్కసారి అక్కడికి తీసుకుపొమ్మని. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నాతో మాత్రం ఆమె తెలుగే మాట్లాడేది.

"వాడు గా లారీల పండుకున్నడు బీరయ్యా," అన్నది నాతో. "మీరు తెచ్చి పాతిపెట్టింది వట్టి ఒళ్ళు. వాడంతట వాడు లేవడు, నీకెరికే గదా. నేను పోయి లేపాలె."

మసీదు పెద్దలు వచ్చి అట్లా అనుకోకూడదని నచ్చజెప్పారు. విన్నది, తల ఊపింది, వాళ్ళు గడప దాటగానే మళ్ళీ అదే అడిగింది. మధ్యాహ్నం అన్నాలు తిని ఊరంతా నడుం వాల్చే వేళ ఆమె వాకిట్లో రోడ్డు వైపు తిరిగి కూర్చునేది. నాకు చూడబుద్ధి కాక దుకాణం తలుపు దగ్గరికి వేసుకునేవాణ్ణి.

ఖయ్యూం వెతకడం మొదలుపెట్టాడు. పిట్లం, బిచ్కుంద, మద్నూర్, అటునుంచి మహారాష్ట్ర వైపు ఇనుప సామాన్ల అడ్డాలు, మెకానిక్ షెడ్లు ఒక్కటీ వదల్లేదు. ఎక్కడ ముక్కు లారీ ఉందని తెలిస్తే అక్కడికి పోయి క్యాబిన్ ఎక్కి వెనక చెక్క చూసేవాడు. తలుపు కాకపోతే దిగి వచ్చేస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ అతను ఖయ్యూం. లారీ దొరకలేదనే దిగులుతో క్యాబిన్ దిగినవాడు, బానెట్ ఎత్తి ఇంజను చూడగానే ఆ దిగులు మరిచేవాడు. ఇంత మంచి ఇంజనును తూకానికి అమ్ముతారా అని పోట్లాడి, కొని, ఇంటికి లాక్కొచ్చేవాడు.

అలా మూడేళ్ళలో షెడ్డు నిండింది. రెండు ముక్కు లారీలు, ఒక ఎర్ర ఫర్గూసన్ ట్రాక్టరు, హ్యాండిల్ తిప్పితే గాని లేవని రష్యా ట్రాక్టరు ఒకటి. శుక్రవారం నమాజు నుంచి రాగానే ఒక్కోదాన్ని లేపి, కాసేపు నడిపించి, మళ్ళీ ఆపేవాడు. నేను ఎంత విసుక్కున్నా, ఒక మాట ఒప్పుకోవాలి: ఆ పాత ఇంజన్లు ముక్కి మూలిగి ఒక్క దమ్మున అందుకుంటుంటే నా లోపల కూడా ఏదో కదిలేది. రంగు డబ్బాలు గూట్లో గజగజమనేవి. ఖయ్యూం నూనె చేతులతో నిలబడి నవ్వేవాడు, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయేది. వాకిట్లో తల్లి ప్రతి మోతకూ తల ఎత్తి చూసి, అది హైదర్ బండి కాదని మళ్ళీ దించుకునేది.

చవగ్గా వచ్చిన ఆ బండ్లు ఎందుకు చవకో ఖయ్యూం ఎన్నడూ అడగలేదు. దళారులు చెప్పలేదు. ఊరికి మాత్రం తెలిసిపోయింది. పిల్లలు షెడ్డు దగ్గరికి రాగానే పరుగెత్తి దాటేవారు. ఇంజన్లు ఆపాక ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంది, అది ఏ ఇనుముకైనా ఉండే గుణం. అది కూడా చచ్చినవాళ్ళు దవడలు కొట్టుకోవడమని ఒకడు పుకారు పుట్టించాడు. వాణ్ణి పిలిచి దులిపేశాను. కానీ మిట్టమధ్యాహ్నం ఒంటరిగా ఆ చప్పుడు వింటున్నప్పుడు నాకూ వీపు మీద వేడి తగ్గినట్టయ్యేది.

2012లో ఖయ్యూం ఒక నీలం ఫోర్డు ట్రాక్టరు తెచ్చాడు. మద్నూర్ అవతల ఒక అడ్డాలో దొరికిందట. నా దగ్గరే రంగు కొని, గీకి, తుడిచి, పెళ్ళికొడుకును చేశాడు. సాయంత్రం రోడ్డెక్కించగానే హోటల్ దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అది మన సాయిలు ట్రాక్టరు. ఊరు అంత దూరం సాగనంపిన బండిని ఈ మహానుభావుడు డబ్బిచ్చి మరీ వెనక్కి తెచ్చాడు.

సాయిలు పక్క పల్లెలో ట్రాక్టరు డ్రైవరు. నాట్ల ముందు బురద దున్నుతుంటే వెనక చక్రాలు దిగబడ్డాయి. అప్పుడు మా దిక్కున అందరూ చేసేది ఒకటే: పెద్ద చక్రాలకు అడ్డంగా ఒక దుంగను గొలుసుతో కట్టి గేరు వేస్తారు. దుంగ బురదలో తన్నుకుంటే బండి పైకెక్కుతుంది. ఎక్కకపోతే, చక్రం తిరగలేక ముందు మూతి గాల్లోకి లేచి, మొత్తం ట్రాక్టరు డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ దుంగ కడుతూనే ఉంటారు, సాయిలూ కట్టాడు.

ఊరు ఖయ్యూం మీద విరుచుకుపడింది. బండిని రాత్రికి రాత్రి తీసెయ్యమన్నారు. నేనూ అన్నాను. అతను వినలేదు. ఆ పోట్లాట చల్లారకముందే పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ళ పేరు మీద వండిపెట్టే అమావాస్య అది. పొద్దున్నే సాయిలు భార్య హన్మవ్వ నెత్తిన గంపతో షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను దుకాణం దిగి వెళ్ళాను.

ఆమె ఎవరినీ తిట్టలేదు. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, సీటును కొంగుతో తుడిచింది. విస్తరిలో అన్నం, కూర, గారెలు వడ్డించి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. పక్కన కల్లు సీసా కూడా పెట్టింది. ఖయ్యూం ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సీసాను చూసి, నన్ను చూసి, రష్యా ట్రాక్టరు వెనక ఏదో పానా పడిపోయినట్టు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళేముందు ఒక పెద్ద రాయి ఎత్తుకొచ్చి, ట్రాక్టరు ముందు భాగం మీద పెట్టింది.

"మూతి మీద గింత బరువుండనీ ఖయ్యూం భాయ్," అన్నది. "మల్ల లేస్తది."

ఖయ్యూం ఆ రాయి తియ్యలేదు. మరుసటి ఏడు ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి, ఒకటి ఎర్ర ఫర్గూసన్ కోసం, ఒకటి లారీ కోసం. ఎవరు చెప్పారో ఏమో, మహారాష్ట్ర వైపు నుంచి బస్సు దిగి వచ్చారు. పెత్రమాస ముందు రోజు ఖయ్యూం షెడ్డు ఊడ్చి, నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు. తన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయినవాడికి ఊళ్ళవాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళంతా దొరికారు, తమ్ముడు తప్ప. ఆ మాట నేను అతనితో అనలేదు. అతను రాత్రిళ్ళు అనమ్‌తో అదే అని ఏడ్చేవాడని తర్వాత ఆమె చెప్పింది.

హన్మవ్వ ఏటా దసరా కాగానే మద్నూర్ దిక్కు చెరుకు కొట్టే పనికి పోతుంది. 2013 చలికాలంలో అక్కడినుంచి ఖయ్యూంకు ఫోన్ చేయించింది. చక్కెర కర్మాగారానికి చెరుకు తోలే బండ్లలో ఒక ముక్కు లారీ ఉందని, కూలీలను ఎక్కించుకున్నప్పుడు తాను క్యాబిన్‌లో కూర్చున్నానని, డ్రైవరు వెనక చెక్క మీద పువ్వు ఉందని చెప్పింది.

ఖయ్యూం తల్లికి చెప్పకుండా బయల్దేరాడు. చాలాసార్లు ఆశపెట్టి నిరాశపరిచాడు, మళ్ళీ ఆ పని చెయ్యలేనన్నాడు. తోడు రమ్మంటే దుకాణం మూసి నేనూ వెళ్ళాను. దారి పొడుగునా ఒక్క గేరు బాక్సు ఊసు లేదు, దాంతో నాకు భయం వేసింది.

కర్మాగారం బయట చెరుకు బండ్లు రోడ్డు పక్కన వరస కట్టి ఉన్నాయి. అది దూరం నుంచే కనపడింది. ఆకుపచ్చ రంగు వేశారు, రంగు కూడా నాసిరకం. ఖయ్యూం ఫుట్‌బోర్డు ఎక్కి లోపలికి వంగాడు. చెక్కకు కూడా ఆకుపచ్చే పూసేశారు. పువ్వు మీద మందంగా పేరుకున్న ఆ రంగు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు.

డ్రైవరూ యజమానీ ఒకడే, పేరు తుల్జారాం. మద్నూర్ మనిషి, సగం మరాఠీ సగం తెలుగు మాట్లాడతాడు. చెట్టు కింద రొట్టె తింటున్నవాడు లేచి వచ్చాడు. ఖయ్యూం దిగి, పాత బండ్లంటే తనకు ఇష్టమని, లారీ అమ్ముతావా అని అడిగాడు. తమ్ముడి సంగతి చెప్పలేదు. తుల్జారాం అమ్మనన్నాడు. ఎంతైనా ఇస్తానన్నాడు ఖయ్యూం. అయినా అమ్మనన్నాడు. నాకు తిక్కరేగి, ఈ డొక్కు బండిలో ఏం చూసుకుని ఇంత బెట్టు అని అడిగాను.

తుల్జారాం కోపం తెచ్చుకోలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"గిందుల ఎవరో ఉన్నరు భావూ. పగటీలి అన్నం దిన్నంక కండ్లు అంటుకుంటయి గదా, గప్పుడు నా తలకాయ ఎన్క టక్ టక్ మంటది. ఎవరో తలుపు గొట్టినట్టు. లేసి సూస్తే బండి రోడ్డు అంచుకుంటది. రెండుసార్లు గట్లనే బతికిన. ఇంట్ల సిన్న పిల్లలున్నరు. గీ బండిని నేనెట్ల అమ్మాలె?"

ఖయ్యూం బానెట్ ఎత్తి, నూనె చూసి, ఒక బోల్టు బిగించి, బండిని మంచిగా చూసుకొమ్మని చెప్పి బస్టాండు వైపు నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను.

బస్సులో అతనికి విడమరచి చెప్పాను. ఆ చెక్క వదులైంది, చక్రం తారు దిగి మట్టి అంచు మీదికి పోగానే అదిరి కొట్టుకుంటుంది, అంతకుమించి ఏమీ లేదు. రంగులమ్ముకునేవాణ్ణే అయినా ఆ మాత్రం తెలుస్తుందన్నాను.

"గదే చెక్క గదా బీరన్నా," అన్నాడు కిటికీలోంచి చూస్తూనే. "మరి హైదర్‌ను ఎందుకు లేపలే?"

పిట్లం వచ్చింది, బాన్సువాడ వచ్చింది, నేను టికెట్టు మడత విప్పుతూ మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాను.

ఇంటికి చేరగానే తల్లి ముందు కూర్చుని అంతా చెప్పాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. లారీ దొరికిందన్నాడు. అది నడుస్తోందన్నాడు. హైదర్ పండుకుని లేడని, మెలకువగానే ఉన్నాడని, మధ్యాహ్నాలు ఎవరికో నిద్ర వస్తే లేపి, పిల్లల తండ్రిని ఇంటికి చేరుస్తున్నాడని చెప్పాడు. తల్లి గుండె బరువు దిగుతుందనే అతను అలా చెప్పాడు. నాకూ అలాగే తోచింది. ఇంత కాలానికి ఆ ముసలామెకు ఒక నిమ్మళం దొరికిందని నా కళ్ళు తడిశాయి.

సఫూరా బీ చివరిదాకా విన్నది. రోజూనా అని అడిగింది. బండి తిరిగినన్ని రోజులూ అన్నాడు ఖయ్యూం. ఆమె మొహం నేను అనుకున్నట్టు మారలేదు.

"మరి వాడు పండుకునేదెప్పుడు?" అన్నది.

ఆ మాటకు ఖయ్యూం లేచి బయటికి వెళ్ళిపోయాడు. షెడ్డులో ఏ ఇంజనూ లేపకుండా, రష్యా ట్రాక్టరు చక్రానికి ఆనుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు.

మరుసటి వారం అతను మళ్ళీ మద్నూర్ వెళ్ళాడు. చెరుకు తోలకం అయిపోయేదాకా ఎక్కువ రోజులు అక్కడే ఉన్నాడు. అన్నాల వేళకు తుల్జారాం ఎక్కడుంటే అక్కడికి చేరుకుని, ఎడమ పక్క సీట్లో ఎక్కి కూర్చునేవాడు. స్టీరింగు అడగలేదు, కూలీ అడగలేదు. ఎండ వాలేదాకా ఆగకుండా మాట్లాడడమే అతని పని. సౌదీ ఇసుక గురించి, గేరు బాక్సుల గురించి, పిలవగానే లేచే ఇంజన్ల గురించి. తుల్జారాం కళ్ళు మూతపడబోతే, వెనక చెక్క మోగకముందే భుజం పట్టి ఊపేవాడు. ఎందుకు చేస్తున్నావని తుల్జారాం అడిగితే పాత బండ్ల మీద పిచ్చి అని చెప్పాడట. ఆ పిచ్చి గురించి అటు దిక్కు కూడా పేరు పడింది కాబట్టి అతను నమ్మాడు.

2014లో తోలకం ముగిశాక ఖయ్యూం నల్లగా కమిలి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. తల్లి మంచం పక్కన కూర్చుని, తాను ఎక్కిన నాటినుంచి క్యాబిన్‌లో వెనకనుంచి ఒక్క చప్పుడు కూడా రాలేదని చెప్పాడు. తుల్జారాం కూడా అదే అన్నాడని చెప్పాడు. అనమ్ చాయ్ తెచ్చింది. నేను ఆ సంగతే మళ్ళీ గట్టిగా అడగబోయాను.

సఫూరా బీ పెదవుల మీద వేలు పెట్టుకున్నది.

"మెల్లగ మాట్లాడు బీరయ్యా," అన్నది. "ఇప్పుడే పండుకున్నడు."